ఉపోద్ఘాతంలో లేని వాక్యం

పసిపిల్లల వార్డు పక్క గది,
వానలు మొదలైన వారం

అత్తా,

నీతో ఫోనులో మాట్లాడటమంటే ఇద్దరం కాసేపు అరుచుకుని, చివరికి "సరే, ఉత్తరం రాస్తాలే" అనుకోవడమే కదా. ఈసారి ఆ అరుపులు మానేసి నేరుగా ఉత్తరమే రాస్తున్నాను.

నా పేపరు తిరిగొచ్చింది. పత్రికవాళ్ళు దాన్ని పరీక్షకులకు పంపనైనా పంపలేదు. "ఈ అధ్యయనం ఎందుకు అవసరమైందో ఉపోద్ఘాతం చదివితే తెలియడం లేదు, తిరిగి రాసి పంపితే చూస్తాం" అని ఒక్క ముక్క రాశారంతే. ఆదిలోనే హంసపాదు అంటే ఇదే కాబోలు. మా పెద్ద డాక్టరుగారు కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని మొత్తం చదివి, "అమ్మాయ్, ఇల్లు బాగానే కట్టావు. గుమ్మం పెట్టడం మర్చిపోయావు" అన్నారు.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఏడాది చివర్లో కమిటీ కూర్చుంటుంది. ఈ పేపరు బయటికొస్తే పరిశోధన విభాగంలో ఉంటాను. రాకపోతే నన్ను మళ్ళీ బయటి రోగుల గదికి పంపేస్తారు, నేను మొదలుపెట్టిన పని అక్కడితో ఆగిపోతుంది. చెడ్డ గది అని కాదు. దగ్గులూ జ్వరాలూ చూడటానికి చాలామంది ఉన్నారు. నెలలు నిండకుండా పుట్టిన ఈ పిల్లలు ఎప్పుడు నిద్రపోతారు, ఎందుకు ఉలిక్కిపడి లేస్తారు అని కూర్చుని చూసేది మాత్రం ఇక్కడ నేనొక్కదాన్నే.

మా అందరికీ తరగతిలో మొదట చెప్పిన పాఠం నీ పేపరే. వార్డులో వెలుతురు తగ్గిస్తే పిల్లలు బాగా నిద్రపోతారు, బరువు పెరుగుతారు అని. మధ్యాహ్నం తెరలు లాగి దీపాలు తగ్గించే గంటని మా నర్సులు ఇప్పటికీ "మేడమ్ చీకటి" అంటారు. ఆ మేడమ్ మా నాన్న అక్కయ్య అని చెబితే మొదట్లో ఎవరూ నమ్మలేదు. అంతటి మేడమ్‌వి, కాస్త దిద్ది పెట్టు.

ఉపోద్ఘాతం మాత్రమే పంపుతున్నాను. మిగతాదంతా పట్టికలూ గీతలూ, నీ కళ్ళకి శ్రమెందుకు. చెవులెలా ఉన్నాయి?

నీ పిట్ట


మేడ మీది గది, బేకరీ వెనక వీధి,
ఎండ కాసిన రోజు

పిట్టా,

చెవుల సంగతి అడిగావు. నేను వార్డులో పనిచేసే రోజుల్లోనే రెండూ మొరాయించడం మొదలుపెట్టాయి కదా. కుడిది ఎప్పుడో రాజీనామా చేసింది. ఎడమది సగం జీతానికి ఇంకా పనిచేస్తోంది, కానీ అది వచ్చే రోజు తక్కువ, సెలవు పెట్టే రోజు ఎక్కువ. కింద బేకరీ పిల్లవాడు రోజూ నాకేదో చెబుతాడు. నేను రోజూ తలూపుతాను. ఇద్దరం సంతోషంగానే ఉన్నాం.

నీ ఉపోద్ఘాతం చదివాను. "అనాదిగా మానవాళికి నిద్ర ఎంతో అవసరమైనది" అని ఎత్తుకున్నావు. ఆ సంగతి తెలియనివాడు నీ పత్రిక కొనడు. తర్వాత నెలలు నిండని పిల్లలు ప్రపంచంలో ఎంతమంది పుడుతున్నారో రాశావు. తర్వాత మెదడు ఎలా ఎదుగుతుందో రాశావు. ముక్కేదిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టుంది. నేను ఓపికగలదాన్ని, నీ అత్తని కూడా, కాబట్టి చివరిదాకా వచ్చాను. పత్రిక నడిపేవాడికి ఆ రెండూ అక్కర్లేదు.

ఉపోద్ఘాతానికి పెద్ద విద్యలేమీ లేవు. ఇంతవరకు మనకి తెలిసిందేమిటి, తెలియనిదేమిటి, ఆ తెలియనిదాని కోసం నేను చేసిందేమిటి. అంతే. చదివేవాడు రెండో మాట దగ్గర "నిజమే, ఇది తెలుసుకోవాలి" అనుకోవాలి. నీ దగ్గర మొదటి మాట చాటభారతమంత ఉంది. మూడోది ఉంది. రెండోది లేదు. మధ్యలో మెట్టు లేని నిచ్చెన మీద పెద్దవాళ్ళని ఎక్కమనకూడదు.

మా రోజుల్లో నాకొక అలవాటుండేది. ఉపోద్ఘాతం రాసేముందు ఒక పోస్టుకార్డు తీసుకుని, ఆ విషయం బొత్తిగా తెలియని మనిషికి నేనేం చేస్తున్నానో, ఎందుకు చేస్తున్నానో రాసేదాన్ని. కార్డులో పట్టకపోతే నాకే ఇంకా అర్థం కాలేదని లెక్క. ఎక్కువగా మీ నాన్నకే రాశాను. బొత్తిగా తెలియని విషయాలు వాడికి చాలా ఉండేవి. నువ్వూ ఒక కార్డు రాయి. నాకు వద్దు, నాకు తెలిసిపోతుంది. మీ నాన్నకి రాయి.

అత్త


పసిపిల్లల వార్డు పక్క గది,
కిటికీ తలుపు వానకి ఉబ్బి మూసుకోని రోజు

అత్తా,

మానవాళిని తీసేశాను. మెదడునీ సగానికి కోశాను. కొత్త ప్రతి పంపుతున్నాను, చూడు. ఇప్పుడు రెండో పేరాలో "తెలియనిది" కూడా ఉంది. మన ప్రాంతపు ఆసుపత్రుల్లో ఇలాంటి అధ్యయనం ఇంతకుముందు జరగలేదని రాశాను.

నాన్నకి కార్డు రాశాను. చదివి ఫోను చేసి, "బాగుందమ్మా" అన్నాడు. ఏం అర్థమైంది నాన్నా అంటే, "పిల్లలు పడుకోవాలి" అన్నాడు. అంతకుమించి అడిగే ధైర్యం నాకూ లేదు, చెప్పే ఉద్దేశం తనకీ లేదు.

వార్డులో పని ఎక్కువగా ఉంది. మూడో గది లిఫ్టు పక్కనే కదా, అక్కడి ఉయ్యాల పెట్టెలన్నీ ఒక వరసలో జరిపించాను. పెద్ద డాక్టరుగారు వారానికోసారి గుమ్మంలో నిలబడి "అయిందా?" అంటారు. అవుతోందండీ అంటాను. ఆ మాట అనడం అలవాటైపోయింది.

ఈసారి నీకు నచ్చుతుందనుకుంటున్నాను. నచ్చకపోతే మెల్లగా తిట్టు.

పిట్ట


మేడ మీది గది,
ఆదివారం

పిట్టా,

మెల్లగా తిట్టడం నాకు చేతకాదు. నా గొంతు ఎంత పెద్దదో నాకు వినపడదు.

"మన ప్రాంతంలో ఇంతకుముందు జరగలేదు" అనేది తెలియనిది కాదే తల్లీ. అది ఏమీ తోచనివాళ్ళు పట్టుకునే గోడ. మన ప్రాంతంలో ఎవరూ ఏనుగుకి పళ్ళు తోమలేదు. అంతమాత్రాన అది పేపరైపోతుందా? కార్డు రాసి మీ నాన్న చేత బాగుందనిపించుకున్నావంటే, కార్డులో కూడా నువ్వు అసలు మాట రాయలేదన్నమాట. మీ నాన్నకి నిజంగా అర్థమైతే బాగుందనడు. వాదిస్తాడు.

ఇంకో సంగతి. చెబితే గొప్పలు పోతున్నాననుకుంటావేమో, అయినా చెబుతాను. వార్డులో వెలుతురు గురించి ఎవరు పేపరు రాసినా నా పేపరుతో మొదలుపెడతారు. మెచ్చుకునేవాళ్ళూ మొదలుపెడతారు, పోట్లాడేవాళ్ళూ మొదలుపెడతారు. నువ్వు మాత్రం నన్ను తీసుకెళ్ళి ఒక బ్రాకెట్‌లో పాతికమంది పేర్ల మధ్య నిలబెట్టావు. జాతరలో తప్పిపోయిన ముసలమ్మలా వెతుక్కుంటే గానీ నాకు నేనే కనబడలేదు. పరాయివాళ్ళు చేస్తే మర్చిపోయారనుకుంటాను. నువ్వు మర్చిపోవు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, నా పేరు వచ్చిన చోటల్లా నీ వాక్యం వంకర పోతోంది. నేను యాభై ఏళ్ళుగా ఇలాంటివి చదువుతున్నాను. చెప్పదలచుకోని మాట ఉన్న మనిషే ఇలా రాస్తుంది.

ఆ పట్టికలూ గీతలూ పంపు. నా కళ్ళు బాగానే ఉన్నాయి.

అత్త


పసిపిల్లల వార్డు పక్క గది,
వానలు వెనకబట్టాక

అత్తా,

ఈ ఉత్తరం ఇన్నాళ్ళు ఎందుకు ఆలస్యమైందో చదివాక నీకే తెలుస్తుంది. పట్టికలు ఇందులోనే పెట్టాను. అవి చూసేముందు నేను చెప్పేది చదువు.

మా వార్డులో రెండు గదుల సంగతి చెప్పాలి. లిఫ్టు పక్కనున్న మూడో గదిలో మేడమ్ చీకటి పక్కాగా పాటిస్తారు. మధ్యాహ్నం అయ్యేసరికి తెరలు దించి దీపాలు తగ్గించేస్తారు. అయినా పిల్లలు నిద్రపోవడం లేదు. లిఫ్టు గంట మోగినప్పుడల్లా చేతులు విదిలించి లేస్తున్నారు. చివరనున్న ఆరో గదిలో కళ్ళ పరీక్షల కోసం రోజంతా దీపాలు వెలుగుతూనే ఉంటాయి. కానీ ఆ గది తలుపుకి రబ్బరు పట్టీ ఉంది, అటువైపు ఎవరూ నడవరు. అక్కడి పిల్లలు అంత వెలుతురులోనూ హాయిగా నిద్రపోతున్నారు. బరువు కూడా వాళ్ళే ఎక్కువ పెరుగుతున్నారు. మొదట నేను నమ్మలేదు. గోడకి శబ్దం కొలిచే పరికరం పెట్టి, పిల్లల్ని అటూ ఇటూ మార్చి మరీ చూశాను. మళ్ళీ అదే వచ్చింది.

వెలుతురు కాదత్తా. చప్పుడు.

నా ఉపోద్ఘాతంలో లేని మధ్య వాక్యం ఇది: "ఇంతవరకు ఈ విషయంలో ఆధారంగా ఉన్న అధ్యయనం శబ్దాన్ని కొలవలేదు." ఆ అధ్యయనం నీది. ఆ వాక్యం రాయడానికి కూర్చున్న ప్రతిసారీ, దాని పక్కన ఇంకో వాక్యం ఎవరూ రాయకుండానే కనబడుతోంది. అదేమిటో నేను చెప్పను. నీకూ నాకూ తెలుసు.

నాన్నకి చెప్పాను. కార్డులో కాదు, ఎదురుగా. "మా అక్క బతుకంతా ఆ ఒక్క మాట మీద నిలబడింది. నీకు ఇంకే విషయమూ దొరకలేదా?" అన్నాడు. పెద్ద డాక్టరుగారేమో, "ఆ వాక్యం లేకపోతే నీ పేపరు లేదు, నీ అత్త అయినా నా అత్త అయినా" అంటున్నారు. ఇద్దరి మాటా నిజమే కావడం వల్ల నాకు దిక్కుతోచడం లేదు.

నువ్వు వద్దంటే ఆపేస్తాను. కమిటీకి ఏదో ఒకటి చెప్పుకుంటాను. బయటి రోగుల గదిలో కూడా పిల్లలే కదా.

పిట్ట


మేడ మీది గది,
గురువారం

డాక్టరుగారికి,

మీ పట్టికలు అందినవి. చూశాను.

వానలు మొదలైనప్పటి నుంచి మీరు నా చేత మానవాళినీ మెదడునీ దిద్దించారు. దిద్దవలసిన ఒక్క వాక్యం మీ దగ్గర దాచుకుని, లేనిదాన్ని వెతకమని నన్ను కూర్చోబెట్టారు. దానికి నాకు చాలా కోపంగా ఉంది. ఫలితం చూశాక బాధ కూడా కలిగింది. అది వేరే సంగతి, దాని గురించి ఇప్పుడు రాయను.

"వద్దంటే ఆపేస్తాను" అన్నారు. నేను వద్దనే మనిషినని మీకు ఎవరు చెప్పారు? మీ నాన్నా?

ఒక ప్రశ్న మాత్రం అడుగుతాను. నా పిల్లలు నిద్రపోయారు. వాళ్ళని రోజూ నేనే తూచాను, నా చేతులతో. చీకటి గదిలో పిల్లలు నిజంగానే బరువు పెరిగారు. మీరు చెప్పినట్టు వెలుతురుకి సంబంధమే లేకపోతే వాళ్ళు ఎందుకు పెరిగారు? దీనికి జవాబు లేకుండా పేపరు పంపితే మొదటి పరీక్షకుడే పట్టుకుంటాడు. నేనైతే పట్టుకుంటాను.

ఇట్లు,
అత్త


పసిపిల్లల వార్డు పక్క గది,
శుక్రవారం, ఉత్తరం అందిన వెంటనే

అత్తా,

"డాక్టరుగారికి" అని చూసి, స్టాఫ్ గదిలో అందరి ముందూ ఏడ్చేశాను. హెడ్ నర్సు ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదు, మా అత్త నన్ను "మీరు" అంది అని చెప్పాను. ఆవిడకి అర్థం కాలేదు, మంచినీళ్ళిచ్చి వెళ్ళింది.

తప్పు నాదే. నువ్వు బాధపడతావనుకున్నాను గానీ, నీకు తెలియకుండా నీ చేతే దిద్దించుకోవడం ఇంకా పెద్ద అవమానమని అనుకోలేదు.

నీ ప్రశ్నకి జవాబు ఉంది. నువ్వు తూచింది నిజం. నీ అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఇది తెలుసుకోవడానికి నేను లిఫ్టుకి దూరంగా ఉన్న నాలుగో గదిలో మూల కుర్చీలో చాలా మధ్యాహ్నాలు ఊరికే కూర్చున్నాను. తెరలు లాగుతారు. దీపాలు తగ్గుతాయి. అప్పటిదాకా అటు చివర నుంచి ఇటు చివరకి కేకేసి మాట్లాడుకునే నర్సులు దగ్గరికి వచ్చి మాట్లాడుకుంటారు. స్టూలు ఈడ్చేవాళ్ళు ఎత్తి పెడతారు. ఎవరూ చెప్పరు, ఎవరికీ తెలియదు కూడా. దీపాలు తగ్గిస్తే మనుషులు గొంతు తగ్గిస్తారు అత్తా. నీ చీకటి పనిచేసింది అందుకే. లిఫ్టుకి మాత్రం చీకటిపడిందని తెలియదు కదా, అందుకే మూడో గదిలో పనిచేయడం లేదు.

ఉపోద్ఘాతం మళ్ళీ రాశాను. ఈసారి నీ పేపరు మొదటి పేరాలోనే, నీ పేరుతోనే ఉంది. మధ్య వాక్యం కూడా రాశాను: "ఆనాడు శబ్దాన్ని కొలిచే పరికరాలు అందుబాటులో లేకపోవడం వల్ల ఆ అధ్యయనం శబ్దాన్ని పరిగణించలేకపోయింది." దీనికి పెద్ద డాక్టరుగారు సరేనన్నారు. నాన్న కూడా ఊరుకున్నాడు. నువ్వేమంటావో చూసి పంపుతాను. నెలాఖరు లోపల పంపాలి.

పిట్ట


మేడ మీది గది, బేకరీ వెనక వీధి,
చలి మొదలైన ఉదయం

పిట్టా,

నీ మీద కోపం పోయింది. మీ నాన్న మీద ఉంది, వాడికి వేరే ఉత్తరం రాశాను. నా బతుకు ఒక్క మాట మీద నిలబడిందట. నేను కాళ్ళ మీద నిలబడ్డాను, మోకాళ్ళే అప్పుడప్పుడూ కూర్చోమంటాయని వాడికి చెప్పాను.

నీ పట్టికల ముందు నాలుగు రోజులు కూర్చున్నాను. మొదటి రోజు నీలో తప్పు వెతికాను. రెండో రోజూ వెతికాను. మూడో రోజు లిఫ్టు గంట గీత దగ్గర ఆగిపోయాను. గంట మోగినచోటల్లా పిల్లల గుండె వేగం ఎలా లేచిందో అంత స్పష్టంగా గీశావు. నేను అంత బాగా ఎప్పుడూ గీయలేదు. చాలాసేపు బాధపడ్డాను, దాచను. ఆ తర్వాత కాఫీ పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి చదివాను.

ఇప్పుడు నీ మధ్య వాక్యం సంగతి. పరికరాలు అందుబాటులో లేవని రాశావు. ఉన్నాయే. పక్క గది బీరువాలో, పై అరలో, తోలు పెట్టెలో ఉండేది. చెవి పరీక్షలు చేసే డాక్టరు ఎప్పుడైనా తీసుకోమనేవాడు. నేను అడగలేదు. ఎందుకు అడుగుతాను? నా వార్డు చాలా ప్రశాంతంగా ఉండేది. పిల్లలు ఏడ్చేది నోరు తెరవడం చూసి తెలుసుకునేదాన్ని. నర్సులు నవ్వుకునేది భుజాలు చూసి తెలుసుకునేదాన్ని. బకెట్లు, స్టూళ్ళు, తలుపులు ఇవేవీ నా వార్డులో చప్పుడు చేసేవి కావు. నాకు కనబడింది వెలుతురు ఒక్కటే, దాన్నే కొలిచాను.

నువ్వు రాయకుండా కనబడుతోందన్న వాక్యం ఇదే కదా. చూశావా, రాస్తే ఎవరూ చావలేదు.

నా చెవుల సంగతి పేపర్లో అక్కర్లేదు. అక్కడ కారణాలు చెప్పి బుజ్జగించకూడదు. అబద్ధపు కారణం అసలే చెప్పకూడదు. లేని పేదరికాన్ని నా ఆసుపత్రికి అంటగట్టి నన్ను కాపాడతావా? "ఆ అధ్యయనం శబ్దాన్ని కొలవలేదు." అంతే రాయి. పొట్టి వాక్యం. గుమ్మానికి అంత వెడల్పు చాలు, నేను పక్కకి జరుగుతాను.

మొదటి వాక్యం మాత్రం ఇంకా చప్పగానే ఉంది. "నవజాత శిశువుల నిద్రపై పరిసరాల ప్రభావం" అంటూ మొదలుపెట్టావు. అసలు వాక్యం నాకు రాసిన ఉత్తరంలో ఉంది, పేపర్లో లేదు. దీపాలు తగ్గిస్తే మనుషులు గొంతు తగ్గిస్తారు. అది చదివి కాగితం పక్కన పెట్టేశాను. ఆ మధ్యాహ్నాలన్నీ గుర్తొచ్చాయి. తెరలు లాగగానే నర్సులు ఒకరి దగ్గరికొకరు వచ్చి తలలు వంచి మాట్లాడుకునేవాళ్ళు. పెదవులు చూసి మాట పోల్చుకునే నాకు అందకుండా నా గురించే ఏదో చెప్పుకుంటున్నారనుకుని మొహం ముడుచుకునేదాన్ని. పాపం, వాళ్ళు గొంతు తగ్గించారంతే. అదే మొదటి వాక్యం చెయ్యి. దాని వెనకే నా పేపరు, దాని వెనకే కొలవలేదన్న మాట, ఆపైన నువ్వేం చేశావో. కార్డు మీద రాసి చూశాను, పట్టింది. కార్డు ఇందులో పెడుతున్నాను. అక్షరం పోల్చుకోలేనిచోట నువ్వు సరిచేసుకో.

నర్సుల చేత "మేడమ్ చీకటి" అనడం మాన్పించాలని ఆలోచిస్తున్నావేమో. మాన్పించకు. చీకటి పనిచేస్తూనే ఉంది, ఎందుకో ఇప్పుడు తెలిసింది. లిఫ్టు గంట మాత్రం ఊడబీకించు.

పేపరు అచ్చయ్యాక పోస్టులో పంపకు. నువ్వే తీసుకురా. ఆ గోడ పరికరంలో ఏమేం చప్పుళ్ళు పడ్డాయో అవి కూడా రాసుకుని రా. నా ఎడమచెవి పక్కన కూర్చుని, నిదానంగా, గట్టిగా చదివి వినిపించు. బేకరీవాళ్ళు ఏమైనా అనుకోనీ. నా వార్డు ఎలా ఉండేదో నేనూ ఒకసారి వినాలి.

అత్త